తలాపు ఎత్తిన మంచం

ఆగస్టు 11, సోమవారం

ఒక మనిషికి మేలు చేయాలంటే అతనికి ఎంత దగ్గరగా నిలబడాలి?

వార్డు ఉద్యోగం వదిలి నర్సింగ్ కాలేజీకి వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. వెంటిలేటర్ మీదున్న రోగికి నిమోనియా రాకుండా ఏమేం చేయాలో ఏటా బోర్డు మీద రాసి చెబుతాను. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, నేను దిద్దుతాను. ఆ రోగికి ఎప్పుడూ మొహం ఉండేది కాదు.

ఇవాళ ఆ మంచం మీద మల్లికార్జున్ ఉన్నాడు.

వరుసగా రాయాలి. లేకపోతే తల పనిచేయదు.

చందూరులో చెరకు తోట మీద అడవి పందులు పడుతున్నాయని కొన్నాళ్లుగా బోరు దగ్గరి కొట్టంలోనే పడుకుంటున్నాడు. మంచం ఉంది. నడుము నొప్పి అని కింద చాప వేసుకుంటాడు. పొద్దున కడుపులో నొప్పంటూ ఇంటికి వస్తే అత్తమ్మ వాము నమిలించింది. రెప్పలు వాలిపోతుంటే నిద్ర చాల్లేదనుకుంది. మాట ముద్దగా వచ్చేసరికి పక్కింటి రాజలింగు జీపు తీశాడు. నాకు ఫోన్ చేసేటప్పటికి వర్ని దాటారు. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు. కట్లపాము కాటు అంతే, దోమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు. ఇదీ క్లాసులో చెప్పేదే.

నిజామాబాద్ చేరేసరికి ఊపిరి ఆగిపోయేలా ఉంది. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. విరుగుడు ఎక్కించారు. పైన ఐసీయూలో మంచాలన్నీ నిండి ఉన్నాయి. ఖాళీ అయ్యేదాకా ఎమర్జెన్సీలోనే.

విషం కండరాలను పడేసింది. మెదడు జోలికి పోలేదు. కండరాలు మళ్లీ మేలుకునేదాకా యంత్రం ఊపిరి పోస్తే మనిషి లేచి వస్తాడు. ఈలోగా ఊపిరితిత్తుల్లో చీము చేరకూడదు. పాము చేయగలిగింది చేసేసింది, ఇక భయమంతా నిమోనియాతోనే.

ఇది భార్యగా రాయడం లేదు. పరిశీలన కోసం రాస్తున్నాను.


ఆగస్టు 12

పగటి డ్యూటీ హెడ్ నర్సు పేరు కనీజ్. బోధన్ మనిషి. నాకంటే నాలుగైదేళ్లు చిన్నదై ఉంటుంది. గొంతు పెద్దది. తన పని తాను బాగా చేస్తానని ఆమెకు తెలుసు. ఆ సంగతి దాచుకునే అలవాటు లేదు.

నిన్న గొట్టం వేసే తొందరలో మల్లికార్జున్ మెడలోని లింగకాయ అడ్డం వస్తుంటే దారం కత్తిరించబోయారట. ఈమె ఆపి, ముడి విప్పి, ఇష్టలింగం ఉన్న ఆ వెండి కాయను గాజుగుడ్డలో చుట్టి సూదులు లేని చేతికి, భుజం కింద కట్టింది. "అది పాణమున్నన్ని రోజులు ఒంటి మీదకెల్లి దిగొద్దు కద మేడం" అంది నాతో. లింగాయతుల ఇంటి కోడలిని నేను. నిన్న నాకా సంగతి గుర్తుకే రాలేదు.

మంచం తలాపు ఎత్తి, పక్క కడ్డీకి ఎర్ర టేపు ముక్క అంటించింది. తలాపు ఆ టేపు కంటే కిందికి దిగాలంటే తనను అడగాలి. ఈ మాట డాక్టరుకూ చెప్పింది, ఊడ్చే ఆవిడకూ చెప్పింది. మనిషిని చదునుగా పడుకోబెడితే కడుపులోది గొంతులోకి, గొంతులోది గొట్టం పక్క నుంచి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఎత్తి పెడితే ఆ జారుడు తగ్గుతుంది. ఇంత చిన్న విషయం కాబట్టే ఎక్కడ చూసినా మరిచిపోతారు.

డ్యూటీ డాక్టరు భానుప్రసాద్ పక్క మంచం దగ్గర్నుంచి నేరుగా ఇటు వచ్చాడు.

"సార్, చేతులు" అంది కనీజ్.

"ఇప్పుడే కడిగిన సిస్టర్."

"నేను చూడలే."

"నువ్వు చూడకుంటే కడగనట్టేనా?"

"అంతే సార్. నిఖా గూడ సాక్షులుంటెనే నిఖా."

ఆయన నవ్వుతూ వెళ్లి కడుక్కుని వచ్చి, రెండు చేతులూ ఎత్తి చూపించాడు.

మధ్యాహ్నం ఆమె మల్లికార్జున్ పళ్లు తోమింది. చిన్నపిల్లల బ్రష్షు ఒక చేత్తో, నోట్లో చేరే నీళ్లను లాగేసే సన్నటి గొట్టం రెండో చేత్తో. తోముతూనే మాట్లాడుతుంది. "మల్లన్నా, ఇగో కింది పండ్లు. ఇగో పైవి. పెండ్లికొడుకు లెక్క చేస్తున్న నిన్ను. గుట్కా ఏమన్న తింటవా? లేదు, మంచిగనే ఉన్నయి." గొట్టంలోంచి గళ్ల, అంటే కఫం, లాగే ముందు చెబుతుంది, పక్కకు తిప్పే ముందు చెబుతుంది. ఆయన రెప్ప కూడా కదపలేడు. వింటున్నాడని ఆమె లెక్క.

వినిపిస్తుందని నాకూ తెలుసు. పొద్దుటి నుంచి ఆ మంచం పక్కనే ఉన్నాను. ఒక్క మాటా మాట్లాడలేదు. ఏం మాట్లాడాలి? వారంలో ఐదు రోజులు ఆయన చందూరులో, నేను ఇక్కడ. ఫోన్‌లో కూడా మందు చల్లారా, కరెంటు ఉందా, అంతే.


ఆగస్టు 13

మంచం ఎత్తుగానే ఉంది. జ్వరం లేదు.


ఆగస్టు 14

ఇవాళ నేనూ కనీజూ పోట్లాడుకున్నాం.

వెంటిలేటర్ పైపులు విప్పడానికి వచ్చింది. ఎందుకని అడిగాను.

"రోజు మారుస్తం మేడం. కొత్తవైతే సాఫ్ ఉంటయి కద."

"మురికి పడితేనో పగిలితేనో మార్చాలె. ఊకూకె విప్పితే పైపులల్ల ఆగిన నీళ్లు లోపలికి జారుతయి. మంచి కంటె చెడే ఎక్కువ."

నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇది మీ పుస్తకంల ఉన్నదా, మీ మనసుల ఉన్నదా?"

"పుస్తకంలనే."

"ఏ కాలం పుస్తకం? మా అబ్బా కాలందా?"

ఫోన్‌లో తీసి చూపించాను. పెదాలు కదుపుతూ చివరిదాకా చదివింది. మళ్లీ పైకి జరిపి ఇంకోసారి చదివింది.

"అంటే గిన్నేండ్ల సంది ఉత్తగనే విప్పుతున్ననా! నాకు నేర్పినామె గిట్లనే నేర్పింది. ఆమెకు నేర్పినోళ్లు గట్లనే నేర్పిండ్రేమో." కొత్త పైపులు తీసుకెళ్లి బీరువాలో పెట్టేసింది. "సరే. ఈయాల్టి సంది బంద్. అందరికి నేనే చెప్త. ఎవరన్న తిడితె మాత్రం మీ పేరు చెప్త, మేడమే బంద్ జేసిందని."

తెలియనిది ఒప్పుకుని, ఒప్పుకున్న మరుక్షణమే పద్ధతి మార్చుకునే మనిషిని మా స్టాఫ్ రూములో ఎప్పుడైనా చూశానా? నేనైతే కనీసం రెండు రోజులు అలిగి ఉండేదాన్ని.

నెగ్గినందుకు సంతోషపడ్డాను. కాస్త ఎక్కువే. అదీ ఆయన నోట్లో గొట్టం ఉండగా.


ఆగస్టు 15

పొద్దున కాలేజీలో జెండా వందనం. ఉపన్యాసాలు వినకుండా వచ్చేశాను.

సారంగపూర్ దగ్గర ఆటో బోల్తా పడిందట, ఎమర్జెన్సీ అంతా కిక్కిరిసి ఉంది. కనీజ్ అటు చివర రక్తం కారుతున్న వాళ్ల మధ్య ఉంది. మల్లికార్జున్ మంచం చదునుగా ఉంది. ఎర్ర టేపు పైనెక్కడో, ఆయన తల కిందెక్కడో.

కాళ్ల వైపు, మంచం తిప్పే పిడి పక్కన అత్తమ్మ నిలబడి ఉంది.

"ఎవరు దించిండ్రు?"

"నేనే."

"ఎందుకు?"

"నా కొడుకును కూసోబెట్టిండ్రే. పానముండంగనే కూసోబెట్టిండ్రు."

అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. నా క్లాసుల్లో చెప్పేదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది, ఒక్క మాటై బయటపడింది.

"నీ కొడుకును నీ చేతులతోని నువ్వే సంపుతున్నవ్ అత్తమ్మా."

పక్క మంచాల వాళ్లు ఇటు తిరిగారు. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నా అరుపుకు కనీజ్ వచ్చింది. చేతి తొడుగులు తీసి పారేసి, చేతులు కడుక్కుని, ముందు తలాపు ఎత్తింది. గొట్టంలోంచి గళ్ల లాగింది. ఛాతీకి రెండు వైపులా స్టెత్ పెట్టి విన్నది. అంతా అయ్యాక అత్తమ్మ వైపు తిరిగి, తిట్టకుండా అడిగింది.

"అవ్వా, సమాధి యాదికొచ్చిందా?"

అత్తమ్మ తలూపింది.

అప్పుడు తెలిసింది నాకు. మామయ్య పోయినప్పుడు చూశాను. స్నానం చేయించి, విభూతి పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, పూలు కట్టి ఊరేగించారు. గుంతలోనూ కూర్చోబెట్టే మట్టి చేశారు. ఆ ఇంట్లో పోయినవాళ్లను పడుకోబెట్టరు. వెనక్కి ఆనించి, తల నిలిపి, కళ్లు మూసుకుని ఉన్న కొడుకును రోజూ చూస్తూ అత్తమ్మ ఏం చూసిందో నాకు తట్టలేదు. నేను అక్కడ చూస్తున్నది తలాపు లేచిన కోణాన్ని మాత్రమే.

కనీజ్ మంచం అంచున చేయి ఆనించి నిలబడింది. "మా అబ్బా మేస్త్రీ అవ్వా. బోధన్‌ల మీవోళ్ల సమాధులు ఆయన్నే కట్టెటోడు. నేను సద్ది పట్టుకపోయేదాన్ని, చిన్నప్పుడు. గవన్ని చూసిన. ఒక్కటి చెప్పు, సమాధిల కూసోబెట్టినప్పుడు కాళ్లేం జేస్తరు?"

"మడుస్తరు బిడ్డా. బాసింపట్టేపిస్తరు."

కనీజ్ కాళ్ల మీది దుప్పటి తీసేసింది.

"మరి నీ కొడుకు కాళ్లు చూడు."

బారుగా చాపి ఉన్నాయి. పాదాలు చెరో వైపు ఒరిగి, మడమల కింద ఆమె పెట్టిన దూది మెత్తలు. చెరకు మొదళ్లు గీరుకున్న గీతలు పిక్కల మీద.

"కాళ్లు సాపుకున్నోడు బతికున్నోడు అవ్వా. ఈన కూసోలే. ఆరాం కుర్చీల నడుం వాల్చిండు. నవాబు లెక్క."

అత్తమ్మ ఆ కాళ్ల వైపు చాలాసేపు చూసింది. ఒక పాదం పట్టుకుంది. "నవాబా? గీ మొఖమా?" అంది, ఏడుస్తూనే. పక్క మంచం దగ్గరున్న ముసలాయన కిసుక్కున నవ్వాడు.

నేను పుస్తకమంతా చదివి వినిపించినా అత్తమ్మ భయం తీరేది కాదు. ఆమె భయం ఏ చోట ఉందో కనీజ్ సరిగ్గా అక్కడే చేయి వేసింది. గళ్ల లాగే గొట్టాన్ని ఎంత లోతుకు పంపాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చేయి అది. దీన్ని ఏ పాఠంలో పెట్టి చెప్పాలి?

సాయంత్రం చుట్టపాయన ఒకరు చూడటానికి వచ్చి, "మెడ నొస్తదేమో, జెర కిందికి దించుదమా" అంటూ పిడి మీద చేయి వేశాడు. అత్తమ్మ ఆ చేతి మీద ఫట్టున కొట్టింది. "టేపు కనవడ్తలేదా?"


ఆగస్టు 16

జ్వరం.


ఆగస్టు 17

గళ్ల చిక్కబడింది, పసుపు రంగు. ఎక్స్‌రేలో కుడి వైపు కింద మసక. మందు మార్చారు. ఇంకా ఏదో పరీక్షకు పంపారు.

ఎంతసేపు చదునుగా ఉన్నాడు? అత్తమ్మను అడిగాను. చెప్పలేకపోయింది. మళ్లీ అడిగాను. మూడోసారి అడగబోతుంటే కనీజ్ నా మోచేయి పట్టుకుని మందుల గదిలోకి తీసుకుపోయింది.

"మేడం, ఈ మసక గా దించుడుతోనే వచ్చిందని మీరు రాసియ్యగలుగుతరా?"

"లేదు."

"గొట్టం వేసిననాడే ఏమన్న జారి ఉండొచ్చు. జీపులనే జారి ఉండొచ్చు, మింగుడు రాని మనిషి కద. మరి ముసలామెను ఎందుకు మళ్ల మళ్ల అడుగుతున్నరు?"

నేను మందుల అర వైపు తిరిగాను.

"అన్ని మంచిగ చేసినా కొందరికి వస్తది. ఏం జెయ్యకుంటె ఇంకా మందికి వస్తది. నేను మందిని చూసి లెక్క పెట్టుకుంట, గందుకే పొద్దున లేచి డ్యూటీకి రాగలుగుతున్న. మీరు ఒక్కణ్ణి చూసి లెక్క పెట్టుకుంటున్నరు. అట్ల పెట్టుకుంటె ఎవరి లెక్కా తేలది."

తర్వాత, బయటికి పోతూ, "ఏడువుండ్రి జెర. గీ రూముల ఎవరు చూడరు" అంది.

ఏడవలేదు. కళ్లు మండాయి. స్పిరిట్ వాసనకు.


ఆగస్టు 18

ఆక్సిజన్ పెంచారు. భానుప్రసాద్ నన్ను పక్కకు పిలిచి, మీరు ఈ రంగం వాళ్లే కదా, ధైర్యంగా ఉండాలి అన్నాడు. ఆ మాట ఎప్పుడు అంటారో ఈ రంగం వాళ్లకు తెలుసు. నేనే విద్యార్థులకు నేర్పాను, ఎలా అనాలో.

అత్తమ్మకు ఎవరూ చెప్పలేదు. నా మొహంలో చదువుకుంది.

మధ్యాహ్నం రాజలింగు చందూరు నుంచి ఒక చిన్న స్టీలు గిన్నె తెచ్చాడు, మూత మీద గుడ్డ కట్టి. లింగాయతుల గురువు జంగమయ్య ఇచ్చిన పాదోదకం, ఆయన పాదాలు కడిగిన తీర్థం. గిన్నెలో చెంచా.

"ఒక్క చెంచెడు. వాని గొంతు తడపనియ్యి" అంది అత్తమ్మ. గొంతు తడపడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. పోయేవాళ్లకు ఇచ్చే నీళ్లు.

"వద్దు అత్తమ్మా."

"వానికి నోరెండుతున్నది. చూడు, పెదిమెలు చూడు. గంత చదువుకున్నవ్, నీకు కనవడ్తలేదా?"

"వద్దు."

"నేను గన్న. నేను నీళ్లియ్యకుండ పంపియ్యాల్నా?"

"వద్దు."

నా నోట అదొక్క మాటే. వద్దు, వద్దు. అత్తమ్మ చెంచా గిన్నెలో పెట్టి మళ్లీ తీసి మళ్లీ పెట్టింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కనీజ్ వచ్చి గిన్నె వైపు, నా వైపు చూసింది. అత్తమ్మ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"అవ్వా, గీ పైపు ఊపిరితిత్తుల తలుపు తెరిచి పెట్టింది. మనకు మింగితె ఆ తలుపు మూసుకుంటది. ఆయనకు మూసుకోది. గా తలుపులకెల్లి ఏం పోవద్దు. నీళ్లు పోవద్దు, ఉమ్మి పోవద్దు. నీ పావురం గూడ పోవద్దు."

మా వైపు ప్రేమను పావురం అంటాం. రోజూ వాడే మాటే. ఇవాళ అది ఊపిరితిత్తుల్లోకి జారగలిగే వస్తువులా వినిపించింది.

అత్తమ్మ గిన్నెను ఒళ్లోకి లాక్కుంది. కనీజ్ స్టూలు ఇంకాస్త ముందుకు జరిపింది.

"నాకు తెల్వకడుగుత. గీ నీళ్లు ముందుగాల ఎవరికియ్యాలె? లింగానికా, మనిషికా?"

"లింగానికే. లింగానికి ముట్టినంకనే మనిషి."

"అయితె లింగానికి పొయ్యి. గిగో, చెయ్యి మీదనే ఉన్నది. మనిషి వంతు ఉండనియ్యి. లేచినంక ఆయన్నే తాగుతడు."

గాజుగుడ్డ విప్పింది. చేతి కింద ట్రే పెట్టింది. అత్తమ్మతో చేతులు కడిగించి, తర్వాత చెంచా ఇచ్చింది. అత్తమ్మ లింగకాయ మీద నీళ్లు పోసి, కళ్లకు అద్దుకుంది. కనీజ్ తడి తుడిచి, పొడి గుడ్డ చుట్టి మళ్లీ కట్టింది. ఆయన పెదవులకు వాజ్‌లైన్ రాసింది. పిడి దగ్గరికి వెళ్లి తలాపు టేపు దగ్గరే ఉందో లేదో చూసుకుని, పక్క మంచానికి వెళ్లిపోయింది.

బోర్డు మీద నేను రాసే పాఠంలోది ఒక్కటీ వదల్లేదు. ఒక తల్లిని బయటికి నెట్టనూ లేదు. దగ్గరికి రానివ్వాల్సిన వాళ్లను రానిచ్చింది, ఆపాల్సిన చెంచా దగ్గర ఆపింది.

నేను ఆ రెండింటిలో ఆపడం మాత్రమే చేయగలిగాను.


ఆగస్టు 19

మంచం ఎత్తుగానే ఉంది.


ఆగస్టు 20

మంచం ఎత్తుగానే ఉంది. జ్వరం కాస్త దిగింది. దిగిందని నేను అనుకోవడం కాదు, కనీజ్ కూడా అంది.

"మల్లన్నా, నొసలు ఎగరెయ్యి" అని రోజూ పిలుస్తుంది. ఇవాళ ఎడమ కనుబొమ్మ కదిలింది. "చూసిండ్రా! కన్ను గొట్టిండు నాకు!" అని ఎమర్జెన్సీ అంతా వినబడేలా అరిచింది. "మేడం, మీరున్నరని గూడ భయంలేదు ఈనకు."

నేను నవ్వాను. ఎన్నాళ్లకో. తర్వాత ఆయన చెవి దగ్గర వంగి, "నేనే" అన్నాను. అంతకంటే రాలేదు.


ఆగస్టు 22

వేళ్లు బిగిస్తున్నాడు. తల కొద్దిగా లేపుతున్నాడు. యంత్రాన్ని తగ్గించి తగ్గించి చూస్తున్నారు. పైన మంచం ఖాళీ అయిందన్నారు. ఈయన గొట్టం తీసే రోజు దగ్గర పడిందని దాన్ని ఇంకెవరికో ఇచ్చారు.


ఆగస్టు 23

గొట్టం తీశారు.

కనీజ్ ముందు నోట్లో, గొంతులో చేరిందంతా లాగి శుభ్రం చేసింది. "మల్లన్నా, గట్టిగ దగ్గు. పందిని ఎల్లగొట్టినట్టు దగ్గు." దగ్గాడు. గొట్టం వచ్చేసింది. ఆ దగ్గు కంటే మంచి శబ్దం ఈ ఏడాది వినలేదు.

అత్తమ్మ కనీజ్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. కనీజ్ ఒప్పుకుంది. ఆ తర్వాత, "మళ్ల కడుక్కోవాలె గద అవ్వా" అంటూ సింకు దగ్గరికి పోయింది. అప్పటికే అవతలి మంచం మీద పురుగుమందు తాగిన పిల్లకు గొట్టం వేస్తున్నారు. వేలుపూరు పిల్లట. కనీజ్ జేబులోంచి ఎర్ర టేపు తీసి పళ్లతో కొరికింది.


ఆగస్టు 24

మింగే పరీక్షలో ఇవాళ గట్టెక్కాడు. కాచి చల్లార్చిన నీళ్లు ఒక చెంచా, తర్వాత ఇంకొకటి. రెండో చెంచా అత్తమ్మ చేత పట్టించింది కనీజ్. పక్కనే నిలబడి ఆయన గొంతు మీద వేలు ఆనించి చూసింది. మింగాడు.


ఆగస్టు 26

వార్డుకు మార్చారు. గొంతు ఇంకా బొంగురు. పొద్దున అత్తమ్మ చాయ్ కోసం కిందికి వెళ్లినప్పుడు మాట్లాడాడు.

"అన్ని ఇనవడ్డయి ధనా."

"ఏమేమి?"

"అన్ని. రెప్ప లేపరాలే, ఏలు లేపరాలే. కని అన్ని ఇన్న. కనీజమ్మ పండ్లు తోమినప్పుడు నవ్వొచ్చేది, నవ్వరాకపోయేది. సమాధుల ముచ్చట ఇన్న. నిజంగ నాకు గూడ భయమయింది, కూసోబెట్టిండ్రని. కాళ్లు సాపి ఉన్నయని ఆమె చెప్పినంకనే ఎర్కైంది నాకు."

కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"అవ్వను గంత మాటన్నవ్. అది గూడ ఇన్న."

"తప్పే."

"అవ్వ మర్చిపోయింది తియ్యి. నిన్న అడిగితె, ఏ మాటరా అన్నది. అబద్ధమేమో మరి." కిటికీ వైపు చూశాడు. "చెంచ చప్పుడు ఇన్న. నాలుక కట్టె లెక్క ఎండి ఉన్నది. గా చప్పుడు ఇనంగనే, వస్తయి నీళ్లు, ఇప్పుడొస్తయి అనుకున్న. నువ్వు వద్దన్నవ్. మల్ల వద్దన్నవ్."

"ఇస్తే ఊపిరితిత్తులల్లకు..."

"ఎర్కే. పావురం గూడ పోవద్దని ఆమె చెప్పంగ ఇన్న గద. నువ్వు చేసింది మంచిదే. గందుకే ఈడున్న. దానికేం అంటలే." నా వైపు తిరిగాడు. "ఒక్కటి చెప్పు. నేను బతకనని ఖాయమైతె? అప్పుడన్న పొయ్యనిద్దువా?"

"గిప్పుడెందుకు గవన్ని. లేచి కూసున్నవ్ కద."

నవ్వాడు. దగ్గు వచ్చింది. వెన్ను నిమిరాను. మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నం కిందికి వెళ్లి కనీజ్‌ను అడిగాను, నువ్వైతే ఏం చేస్తావని. వేలుపూరు పిల్ల మంచం దగ్గర ఉంది, తిరగకుండానే చెప్పింది.

"మా అబ్బాకు ఇచ్చిన మేడం, మక్కకెల్లి తెచ్చిన జంజం నీళ్లు. పైపు తీసేసినంక, ఇగ ఏం లేదన్నంక. అప్పుడు నేను నర్సును గాదు. బిడ్డను."

"ఇగ ఏం లేదని ఖాయంగ ఎట్ల తెలిసింది?"

ఈసారి తిరిగి చూసింది. "డాక్టర్ చెప్పిండు. నమ్మిన." టేపు ముక్కను బొటనవేలితో నొక్కి, "నమ్మాల్సొచ్చింది" అంది. పిల్ల తలాపు సరిచేయడానికి వెళ్లిపోయింది.

ఆమెకు తెలుసు, ఎక్కడ నర్సు ఆగి బిడ్డ మొదలవుతుందో. గీత ఎక్కడుందో చూసి, దాటాల్సినప్పుడు దాటి, మర్నాడు మళ్లీ ఇటు వచ్చి చేతులు కడుక్కుంది. ఆమెను చూసి నేర్చుకోవాలనుకున్న వాటిలో ఇదొక్కటే నాకు చేతకావడం లేదు.

పద్దెనిమిదో తారీఖున నన్ను కూడా ధైర్యంగా ఉండమన్నారు. ఆ రోజు నమ్మి ఉంటే, ఖాయమనుకుని చెంచా వదిలి ఉంటే, ఇవాళ ఆయన ఈ ప్రశ్న అడగడానికి ఉండేవాడు కాదేమో. అలాగని ఖాయమైన రోజు ఎప్పటికీ రాదనుకోవడం కూడా అబద్ధమే. అది వచ్చినప్పుడు గుర్తు పడతానా? గుర్తు పట్టినా, చెంచా అత్తమ్మ చేతికి ఇస్తానా, నేనే పోస్తానా, లేక అప్పుడూ మంచం పక్కన నిలబడి వద్దు వద్దు అంటూనే ఉంటానా?

తెలియదు. ఆయన పైన వార్డులో మేలుకునే ఉన్నాడు. తెలియదని చెప్పడానికి కూడా ఇంకా వెళ్లలేదు.